భీమమ్మ బదులు

శంకరప్ప మేస్త్రీ మొగులప్ప కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మోచేతిలో నిప్పు కణిక పెట్టినట్టయింది. మొగులప్ప పళ్లు బిగపట్టాడు. చెయ్యి మాత్రం కొడవలిలా వంగినచోటే వంగి ఉంది. రవ్వంత కూడా సాగలేదు.

"బొక్క అతికింది. రాయి తీరుగున్నది" అన్నాడు శంకరప్ప, మోచేతిని అటూ ఇటూ నొక్కి చూసి. "అతికినంక గుడ చెయ్యి లేస్తలేదంటే ఎవడు నమ్ముతడు? ఇంట్ల కూసోని తినుడు అలవాటైంది నీకు."

మేస్త్రీ మాట్లాడుతున్నప్పుడు మధ్యలో నోరు పెట్టేవాళ్లు తాండూరు బండల గనుల్లో ఎక్కువకాలం పని చెయ్యలేరు. నైజాము పోయి పదేళ్లు దాటినా గని అంచు మీద మేస్త్రీదే రాజ్యం. పైగా శంకరప్ప చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి బెల్లం పంచుతాడు, చావుకు వస్తాడు. ఎముక అతికితే చెయ్యి బాగైనట్టేనని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు, అంతే. అలాంటి నమ్మకం ముందు ఏం చెప్పుకుంటాం?

వానాకాలం కావడంతో గని గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. మగవాళ్ల పని సగం ఆగిపోయింది. ఆడవాళ్లు మాత్రం తట్టలతో బురద, బండ పెళ్లలు ఎత్తిపోస్తున్నారు. ఆ వరసలో మొగులప్ప భార్య భీమమ్మ కూడా ఉంది. మొగుడి చెయ్యి గుంజుతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి చూసి, మళ్లీ తట్ట మీదికి వంగింది.

ఆ గనిలో ఒక పద్ధతి ఉంది. పనిమనిషి రాలేకపోతే ఆ ఇంటి నుంచి ఇంకొకరు బదులు రావాలి. బదులు రాకపోతే చోటు పోతుంది. ఎండాకాలంలో బండ జారి మొగులప్ప చెయ్యి విరిగిన మర్నాడే భీమమ్మ బదులు వచ్చింది. గడ్డపారకు బదులు వచ్చిన మనిషికి తట్ట ఇచ్చారు, కూలి ఆడకూలి ఇచ్చారు. అదేమని అడిగితే, ఆడమనిషి గడ్డపార పడుతుందా అన్నారు. నిజమే కదా అనుకున్నాడు మొగులప్ప కూడా. ఆమె రోజంతా మోసే బరువుకు ఆ గడ్డపార ఏ మూలకూ రాదని అతనికి అప్పుడు తట్టలేదు.

"దసరాకు గడ్డపారలకు పూజ చేసి పంచుత. ఆ దినం నీ చెయ్యి సాపుగ సాగాలె. లేకుంటే నీ గడ్డపార ఇంకొకనికిస్త" అని శంకరప్ప గొడుగు తెరిచి అవతలికి పోయాడు.

దసరానాడు ఎవరి చేతికి గడ్డపార వస్తే ఆ ఏడాదంతా వాళ్లకు చోటు ఉన్నట్టు. రాకపోతే మళ్లీ దసరా దాకా లేనట్టు. మొగులప్పకు తెలిసిన పని అదొక్కటే. బండ పొరల మధ్య సందు వెతికి, గడ్డపార మొన దూర్చి, కింద చిన్న రాయి ఎత్తు పెట్టి, కొస పట్టి అదిమితే బండ అంచు పగలకుండా లేచి రావాలి. అతను లేపిన బండకు అంచు పగిలేది కాదు. ఆ సంగతి శంకరప్పకూ తెలుసు.

ఇంటికి వచ్చేసరికి తల్లి ఎంకమ్మ గడపలో కూర్చుని ఉంది. కొడుకు ముఖం చూసింది. లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఎడమచేతికి అందించింది. కట్టు ఉన్నన్నాళ్లు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది కూడా ఆమే. బావి దగ్గరికి పోనివ్వలేదు, పశువు తాడు పట్టనివ్వలేదు. పక్క మీది నుంచి లేచేటప్పుడు కూడా చెయ్యి కదలకుండా కింద తన చెయ్యి పెట్టేది.

కట్టు కట్టిన ముసలాయన వానలు పడకముందే విప్పమన్నాడు. ఎంకమ్మ వినలేదు. చెయ్యి విరిగిన రోజున పోచమ్మకు మొక్కుకుంది, బోనాల నాడు నీ ముందరే కట్టు విప్పిస్త తల్లీ అని. వానలు వచ్చాయి. వెదురు బద్దల కింద చర్మం చెమర్చి దురద పెట్టింది. మొగులప్ప విప్పుదామంటే ఆమె ఏడ్చింది. మొక్కు తప్పితే చెయ్యి పోతుందని భయం. అలా బోనాల దాకా ఆ చెయ్యి వంగినది వంగినట్టే బద్దల మధ్య ఉండిపోయింది. పోచమ్మ ముందు కట్టు విప్పారు. మోచేతికి పైన కండ అనేది లేదు, కర్రకు తోలు చుట్టినట్టు ఉంది.

ఆ సాయంత్రం భీమమ్మ కాళ్లు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చుంది. అత్త పెట్టిన రొట్టె తినడానికి చెయ్యి ఎత్తబోయి దించుకుంది. కాసేపాగి మళ్లీ ఎత్తింది.

"వికారాబాదు దవాఖానకు పోదాం" అంది. "మేస్త్రీ గుంజుడు జూసిన. మల్ల గట్ల గుంజనియ్యకు."

ఆమె పని వదిలి రావడానికి లేదు. తల్లీకొడుకులే వెళ్లారు. పొద్దుటి ప్యాసింజరులో కూర్చోడానికి చోటు లేక ధారూరు దాటేదాకా తలుపు దగ్గరే నిలబడ్డారు. బండి ఊగినప్పుడల్లా మొగులప్ప కుడిచెయ్యి దేన్నో పట్టుకోబోయి, అందుకోలేక ఆగిపోయేది. ఎంకమ్మ అది చూడలేక ముఖం బయటికి తిప్పుకుంది.

దవాఖానలో పాండురంగం డాక్టరు అనే ఆయన చూశాడు. ధారూరు దిక్కు రైతుల బిడ్డ. పొద్దున్నుంచి జ్వరాలూ దగ్గులూ చూసి చూసి కళ్లు గుంటలు పడ్డాయి. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నొక్కి, బొక్క మంచిగనే అతికిందన్నాడు. మేస్త్రీ మాటే ఇక్కడా వినపడేసరికి మొగులప్ప ముఖం వాడిపోయింది.

"బొక్క ఒక్కదాంతోని చెయ్యి కదలదయ్యా" అన్నాడు డాక్టరు. "బొక్క గడ్డపార అసుంటిది. పట్టి లేపెటోడు లేకుంటే ఆడనే పడి ఉంటది. లేపేది కండ. ఎన్ని నెలలు కట్టిన్రు గిది?"

ఎంకమ్మ చెప్పలేక చెప్పలేక చెప్పింది. డాక్టరు ఆమెను ఏమీ అనలేదు. అరుస్తాడనుకుని సిద్ధపడి ఉన్న ఆమెకు అది ఇంకా కష్టమైంది.

ఆయన మొగులప్ప ఎడమచేతిని తీసుకుని కుడి జబ్బ ముందువైపు పెట్టించాడు. ఇప్పుడు చెయ్యి సాపుకోమన్నాడు. మొగులప్ప బలమంతా పెట్టాడు. చెయ్యి సాగలేదు గాని, వేళ్ల కింద ముందు కండ రాయిలా బిగుసుకుంది. తర్వాత ఆ వేళ్లనే జబ్బ వెనకకు జరిపించాడు. అక్కడ ఏదో మెత్తగా, నిద్రలో ఉన్నట్టు ఒకసారి అదిరి ఊరుకుంది.

"కండకు గుంజుడే తెలుసు. నూకుడు రాదు. గందుకే జోడుగుంటయి. ముందుది గుంజితే చెయ్యి వంగుతది, ఎనకది గుంజితే సాగుతది. ఒకటి గుంజేటప్పుడు రెండోది వదులు కావాలె. నీ చేతిల ముందుది వదుల్తలేదు. మల్ల ఇరుగుతదేమోనని పట్టుకోనే ఉన్నది. ఎనకదానికేమో గుంజే సత్తువ లేదు."

మొగులప్పకు సగం అర్థమైంది. మరి ఇంత బిగబట్టినా బలం ఎందుకు చాలదని అడిగాడు. డాక్టరు కాస్త హుషారయ్యాడు. గనిలో గడ్డపార ఎక్కడ పట్టి అదుముతావని అడిగాడు. కొసన పట్టుకుంటానని, బండ మొన దగ్గర ఉంటుందని మొగులప్ప చెప్పాడు. మన చెయ్యి దానికి ఉల్టా అన్నాడు డాక్టరు. కండ వచ్చి కీలు పక్కనే అతుక్కుంటుంది, బరువేమో దూరంగా అరచేతిలో ఉంటుంది. అందుకే చెంబెడు నీళ్లు ఎత్తాలన్నా కండ దానికి ఎన్నో రెట్లు గుంజాలి. ఆ కష్టానికి ఫలం ఏమిటంటే, కండ రవ్వంత పొట్టిదైతే చాలు, అరచెయ్యి నోటిదాకా వస్తుంది.

మొగులప్ప తన జబ్బ వైపు చూసుకున్నాడు. ఇన్నేళ్లు తాను మొన దగ్గర బండను పెట్టుకుని సుఖంగా కొస పట్టుకుంటే, లోపల ఇది కీలు దగ్గర నిలబడి ఇంత మోసిందా అనిపించింది. దాని మీద జాలి పుట్టింది.

నూనె మర్దన వద్దని, ఎవరినీ గుంజనివ్వవద్దని, గుంజితే కండలో సున్నం పట్టి అక్కడో రాయి తయారవుతుందని డాక్టరు చెప్పాడు. చెయ్యి తనంతట తానే కదలాలి. బరువు ఉండకూడదు, ఆగకుండా వంగుతూ సాగుతూ ఉండాలి. ఇంట్లో అలాంటి పని ఏముందని అడిగాడు.

ఎంకమ్మ నేల చూస్తూ ఇసుర్రాయి ఉందని చెప్పింది. షావుకారు కందులు ఇచ్చి పప్పు చేయించుకుంటాడని, కోడలూ తానూ ఎదురెదురుగా కూర్చుని ఇసురుతామని అంది.

"అదే" అన్నాడు డాక్టరు. "ఇద్దరు ఒక్కటే పిడి పట్టుకుంటరు గదా. ఒకరు గుంజినప్పుడు ఇంకొకరు చెయ్యి వదులుగ ఇడువకుంటే రాయి తిరుగుతదా? నీ జబ్బల గుడ గంతే. పో, దినాం పొద్దుమాపు ఇసురు."

తిరుగు బండిలో మొగులప్ప తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. మందు సీసా ఇస్తాడనుకున్నాడు, సూది వేస్తాడనుకున్నాడు. పప్పు ఇసరమన్నాడు. బండలు లేపిన మనిషి ఆడవాళ్ల పిడి పట్టుకుని కూర్చుంటే వాడలో తలెత్తుకునేదెలా?

మొదటి రోజు తలుపు వేసుకుని కూర్చున్నారు. ఎంకమ్మ పిడికెడు కందులు రాతి కంట్లో పోసి పిడి పట్టింది. పైన మొగులప్ప పట్టాడు. రాయి అతని వైపు వచ్చినంతసేపు బాగానే వచ్చింది. అవతలికి పోయేటప్పుడు అతని చెయ్యి బిగుసుకుని రాయిని ఆపేసింది. తల్లి గుంజింది. నొప్పికి అతను ఇంకా బిగబట్టాడు. తల్లీకొడుకులు పిడి కోసం కొట్లాడుతున్నట్టుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెమట పట్టింది.

"నువ్వు గుంజకు" అన్నాడు అతను విసుగ్గా. "గుంజొద్దన్నడు గదా."

ఎంకమ్మ పిడి వదిలేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నేనే కట్టేసిన కొడుకా నీ చెయ్యి" అంది. "బొక్క కోసమని మొక్కిన. కండ సంగతి నాకేం తెలుసు."

మొగులప్పకు ఏడుపు వచ్చింది. తల్లి మీద కోపం ఉందని అంతవరకు అతనికే తెలియదు. ఆ మాటతో అది పోయింది. "పట్టు అవ్వా, తిప్పుదాం" అన్నాడు.

రోజులు అలాగే గడిచాయి. నాలుగు రోజులకు తలుపు వేసుకోవడం మానేశారు, లోపల చీకటిగా ఉండి పప్పులో రాళ్లు కనపడక. వాకిట్లో పోయేవాళ్లు నవ్వారు. గోరింటాకు పెట్టుకోలేదేమని ఒకడు అడిగాడు. అదీ పాతబడింది. చిన్న సున్నాలా తిరిగే చెయ్యి కాస్త పెద్ద సున్నా చుట్టసాగింది. రాయి అవతలి అంచుకు పోయినప్పుడు జబ్బ వెనక ఏదో లేచి పనిలోకి వచ్చినట్టు తెలిసేది. కొన్నాళ్లు తెలియకుండా పోయేది. ముందు కండ మాత్రం చెయ్యి పూర్తిగా సాగడానికి మిగిలిన చివరి బెత్తెడు దగ్గర భయపడి పట్టేసుకునేది. ఎంత చెప్పినా వినదు.

భీమమ్మ చీకటి పడేవేళకు వచ్చేది. జుట్టులో ఎండిన బురద, నుదుటి మీద చుట్టకుదురు ఒరుసుకున్న ఎర్రటి గీత. మొదట్లో గనిలో ఎవరేమన్నదీ చెప్పేది. తర్వాత్తర్వాత చెప్పడం మానేసింది. వెనక కొప్పు ముడుచుకోవడానికి చేతులు లేవక, అత్త ముందు వీపు పెట్టి కూర్చునేది. చెయ్యి లేవని మనిషి ఈ ఇంట్లో తానొక్కడే కాదని మొగులప్ప గమనించాడు గాని, దసరా దగ్గరికొస్తోందనే ఫికరులో దాన్ని పక్కకు నెట్టాడు.

దసరానాడు గని అంచున గడ్డపారలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చారు. శంకరప్ప కొబ్బరికాయ కొట్టి పేరుపేరునా పిలిచి ఇచ్చాడు. మొగులప్ప వంతు వచ్చింది. అందరూ చూస్తుండగా అతను చెయ్యి చాపాడు. చెయ్యి సాగింది, సాగింది, ఆ చివరి బెత్తెడు దగ్గరకు వచ్చి ఆగింది. అందరి కళ్లూ దాని మీద ఉన్నాయేమో, ఇంట్లో వచ్చినంత కూడా రాలేదు.

శంకరప్ప ఈసారి గుంజలేదు. అరవనూ లేదు.

"చించోళి నుంచి మనిషొస్తున్నడు" అన్నాడు. "వాడొచ్చేదాక గోడకు పెడ్త. వచ్చినంక ఆపలేను మొగులప్పా. బండ అంచులు పలుగుతుంటే సరుకు కొనెటోళ్లు నన్నడుగుతరు."

గడ్డపారను గట్టు మీది తన గుడిసె గోడకు ఆనించాడు. దాని బొట్టు ఒక్కటే చెరగకుండా ఉంది. మిగతావన్నీ చేతుల్లోకి పోయాయి.

మర్నాడు గనిలో అసలు పని మొదలైంది. నీళ్లు తోడేశాక అడుగున మిగిలిన బురదంతా ఆడవాళ్లే ఎత్తాలి. భీమమ్మ పొద్దు గుంకేవేళకు ఇంటికి వచ్చింది. ఎంకమ్మ జ్వరం తగిలి లోపల పడుకుని ఉంది. షావుకారుకు ఇవ్వాల్సిన కందులు చేటలో అలాగే ఉన్నాయి. మొగులప్ప ఒక్కడే పిడి పట్టి తంటాలు పడుతున్నాడు. ఆమె కాళ్లు కూడా కడుక్కోకుండా ఎదురుగా కూలబడి పిడి పట్టుకుంది. నువ్వు ఊకో అన్నాడు అతను. తొందరగా ఒడుస్తది అంది ఆమె.

ఇద్దరూ తిప్పారు. చాలాకాలం తర్వాత ఒకరి ముఖం ఒకరికి అంత దగ్గరగా వచ్చింది. ఆమె గుంజినప్పుడు అతను వదిలాడు, అతను గుంజినప్పుడు ఆమె వదిలింది. పప్పు రాయి చుట్టూ రాలుతోంది. మొగులప్ప మనసు గోడకు ఆనించిన గడ్డపార దగ్గరే ఉంది. చించోళి మనిషి ఏ బండికి దిగుతాడో, రేపో ఎల్లుండో.

కొంతసేపటికి రాయి బరువెక్కినట్టు అనిపించి తల ఎత్తాడు. భీమమ్మ తల గోడకు వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నిద్రపోయింది. చెయ్యి మాత్రం పిడి మీదే ఉంది, రాయి ఎటు పోతే అటు పోతోంది. ఆపితే లేస్తుందేమోనని అతను ఆపలేదు. ఆమె చేతిని కుదపకుండా, రాయి చప్పుడు మారకుండా తిప్పాడు. అవతలి అంచు ఆమె మోకాళ్ల దగ్గర ఉంది. అంతదూరం ఒక్కడే తీసుకుపోయి మళ్లీ తెచ్చుకోవాలి. ఆమె అరచేతి అంచున పగిలిన బొబ్బలు కనపడుతున్నాయి. ఇన్నాళ్లు ఈ చెయ్యే తన బదులు పోతుంటే, తన చెయ్యి ఒక్కటే చెయ్యి అనుకున్నందుకు సిగ్గేసింది.

అలా ఎన్ని చుట్లు తిప్పాడో తెలియదు. చేటలో కందులు అయిపోయాయి. అప్పుడు చూసుకున్నాడు. పిడి ఆమె వైపు అంచున ఆగి ఉంది. దాని మీద అతని చెయ్యి, భుజం నుంచి వేళ్ల దాకా, మోచేతి దగ్గర ఏ మెలికా లేకుండా చాపి ఉంది. ముందు కండ ఎప్పుడు వదిలిందో వదిలింది. దాని భయం ఎటు పోయిందో. అతనికి సంతోషం కూడా నెమ్మదిగానే వచ్చింది, అలసిపోయిన మనిషి ఇంటికి వచ్చినట్టు.

తెల్లవారి ఎంకమ్మ కోడలిని లేపబోయింది. భీమమ్మ కళ్లు తెరిచి లేవబోయి, చేతులు ఊతం ఇవ్వక మళ్లీ పడుకుంది. ఇన్ని నెలలు మోసి తట్టల వరసలో ఆమె తనదంటూ ఒక చోటు చేసుకుంది; పని గంటకు మనిషి లేకపోతే అదీ పోతుంది. జ్వరంతోనే తాను పోతానని ముసలామె కొంగు బిగించింది. మొగులప్ప వద్దన్నాడు. మూలన ఉన్న తట్ట, చుట్టకుదురు తీసుకుని బయటికి నడిచాడు.

గనిలో అతన్ని చూసి మొదట అందరూ గడ్డపార కోసం వచ్చాడనుకున్నారు. గుడిసె ముందు కొత్త మనిషి ఒకడు మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. చించోళి వాడే. కన్నడంలో ఎవరినో నీళ్లడుగుతున్నాడు. మొగులప్ప అటు చూసి, ఆగకుండా గుంటలోకి దిగి ఆడవాళ్ల వరసలో భీమమ్మ చోట నిలబడ్డాడు.

తట్టలు నింపే హన్మమ్మ పార ఆపేసింది. తరవాత పకపకా నవ్వింది. ఇంకో ఇద్దరు నవ్వారు. అతను తట్ట ముందు పెట్టాడు. నవ్వుతూనే నింపింది. ఎత్తడానికి ఎదుటి మనిషి ఒక అంచు పట్టాలి. ఆమె పట్టింది, అతను పట్టాడు. తట్ట నడుము దాకా వచ్చింది, ఛాతీ దాకా వచ్చింది. అక్కడ నుంచి నెత్తి మీదికి పోవాలంటే రెండు చేతులూ సాపుగా పైకి లేవాలి. లేచాయి. తడి బురద మోచేతుల మీదుగా కారింది. హన్మమ్మ నవ్వు ఆగిపోయింది.

గట్టు మీద శంకరప్ప చూశాడు. చుట్ట నోట్లోంచి తీసి ఆ చేతినే చూశాడు. మొగులప్ప తట్ట పారబోసి వచ్చేదారిలో మేస్త్రీ గోడ దగ్గరికి నడిచి గడ్డపార తీశాడు. చించోళి మనిషి సగం లేచి నిలబడ్డాడు. శంకరప్ప అతని ముందు నుంచి దాటి వచ్చి, గడ్డపారను మొగులప్ప ముందు పెట్టాడు.

"పట్టు" అన్నాడు. "గా చించోళి ఆయన్ని వాపస్ పంపుత. తట్ట ఆడ పడేయి."

మొగులప్ప గడ్డపార వైపు చూశాడు. బొట్టు ఎండి కాస్త రాలింది. ఇప్పుడు పట్టుకుంటే ఏడాది చోటు దొరుకుతుంది. తట్ట పడేస్తే భీమమ్మ చోటు ఈ పూటే పోతుంది. అతనికి నవ్వు కూడా రాలేదు, అంత అలసటగా ఉంది.

"ఇయ్యాల ఆమె బదులొచ్చిన మేస్త్రీ" అన్నాడు. "నా పనికి రేపొస్త. అప్పటిదాక ఆగితే ఆగు."

ఆడమనిషికి బదులు మగవాడు రావడం ఆ గనిలో ఇంతవరకు లేదు. కూడదని కూడా ఎవరూ చెప్పి ఉండలేదు. శంకరప్ప గడ్డపారను ఎవరికీ ఇవ్వకుండా తీసుకుపోయి గోడకు ఆనించాడు. మొగులప్ప వెనక్కి తిరిగి గుంటలోకి దిగాడు. హన్మమ్మ అప్పటికే తట్ట నింపి అంచు పట్టుకుని ఉంది.